నీలం బెంచి

గంట చూద్దాం సిస్టర్, అన్నాడు డాక్టరు లింగమూర్తి. గంటలో కళ్లు తెరిస్తే సరే, తెరవకపోతే వరంగల్లు తీసుకుపోవాలి, అంత దూరం ఈమె ఆగుతుందో లేదో, అని మిగతాది మింగేసి, చేతులు తుడుచుకుంటూ అవతలి గదిలో కాలు విరిగినవాడి దగ్గరికి పోయాడు. సలీమా స్టూలు మంచం పక్కకు జరుపుకుని కూర్చుంది. గోడ గడియారంలో పదకొండూ పది. అది ఏడు నిమిషాలు ముందు నడుస్తుంది. బొగ్గు కాంట్రాక్టరు ఒకాయన ఆస్పత్రికి దానమిచ్చాడు, అంకెల కంటే ఆయన పేరే పెద్దగా ఉంటుంది, వేళ చూద్దామంటే ముందు ఆయన్ని చదవాలి. ఆ ఏడు నిమిషాలు బుచ్చవ్వ లెక్కలో కలపాలా, తీసెయ్యాలా? కలిపేద్దాం, అడిగేవాళ్లెవరు. మంచం మీద బుచ్చవ్వ నోరు కొంచెం తెరుచుకుని పడుకుంది, మణికట్టు సలీమా వేళ్ల మధ్య ఉంది, నాడి బాగానే కొట్టుకుంటోంది, పొద్దున బండిలోంచి దింపినప్పుడు ఒళ్లంతా నీళ్లు కుమ్మరించినట్టున్న చెమట ఆరిపోయింది, రెండు పెద్ద పిచికారీల గ్లూకోజు నరంలోకి ఎక్కించారు, అన్నీ అయ్యాయి, కళ్లే తెరవడం లేదు. ఆరు మైళ్లు ఎడ్లబండి మీద, కోడలి ఒళ్లో తల పెట్టుకుని వచ్చింది. చక్కెర జబ్బు మనిషికి చక్కెర ఎక్కువై కాదు, తక్కువై, సూదిమందు ఎక్కువై. ఆ ఎక్కువ ఎవరు వేయమన్నారు? సలీమా వేయమంది. ముప్పై ఆరు గీతల దాకా ఎక్కించు, అని పోయిన శుక్రవారం బయట వరండాలో కోడలికి పిచికారీ ఎత్తి వెలుతురులో గీత చూపించి మరీ చెప్పింది.

ఆ కోడలు, కమలవ్వ, మంచం కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని ఉంది, చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని. స్పిరిటు వాసన పడనట్టుంది. ఆయా ఇచ్చిన చాయ్ పక్కన అలాగే మీగడ కట్టి ఉంది. ఇందాక డాక్టరు నరం వెతుకుతుంటే, ఏం తిన్నది, సూది ఎంత ఇచ్చినవ్ అని సలీమా అలవాటు ప్రశ్నలన్నీ అడిగింది, కమలవ్వ అన్నిటికీ సరిగ్గానే చెప్పింది, మక్క గటక తిన్నది, అది గూడ సగం ఇడిసిపెట్టింది, నువ్వు చెప్పినంతనే ఇచ్చిన, ఒక్క గీత ఇటు గాదు అటు గాదు. మరి పోయిన వారం మూత్రం కాస్తే నారింజ రంగు వచ్చింది కదా, అంత చక్కెర పోతున్న మనిషికి ఇట్లా ఎట్లా అవుతుంది, అని సలీమా తనలో తాను అనుకున్నట్టే పైకి అంది. అప్పుడు కమలవ్వ మంచం కోడుకు చెప్పినట్టు చెప్పింది:

“గా సీస అత్తది కాదు నర్సమ్మా. నాది. నాలుగు నెలల సంది నాదే తెస్తున్నం.”

నాలుగు నెలలు. పదహారు శుక్రవారాలు. సలీమాకు వెంటనే కోపం రాలేదు, ముందు లెక్క వచ్చింది, తర్వాత కోపం వచ్చింది, ఆ తర్వాత కోపం ఎవరి మీద పెట్టాలో తోచక నిలబడిపోయింది. గ్లూకోజు ఎక్కించకముందే గొట్టం వేసి తీసిన బుచ్చవ్వ మూత్రాన్ని తనే కాచి చూసింది. అయిదు సీసీల నీలి మందు, ఎనిమిది చుక్కలు, స్పిరిటు దీపం మీద రెండు నిమిషాలు, చక్కెర ఉంటే రంగు మారాలి. నీలం. పాలపిట్ట రెక్క అంచున ఉంటుందే, అలాంటి నీలం. నాలుగు నెలల్లో బుచ్చవ్వ సొంతంగా సంపాదించుకున్న మొదటి నీలం ఇదే, చూసుకోవడానికి ఆమెకు స్పృహ లేదు.

ఈ నీలం గోల అంతా తను తెచ్చిపెట్టిందే. ఏడేళ్ల కిందట హైదరాబాదులో నేర్చుకుని ఈ మంచిర్యాల ఆస్పత్రికి వచ్చినప్పుడు చక్కెర జబ్బు వాళ్లకు చెప్పేవాళ్లే లేరు. డాక్టరు చీటీ రాస్తాడు, రోగి చీటీని తలపాగాలో దోపుకుంటాడు, చీటీ చెమటకు కరిగిపోతుంది, జబ్బు మాత్రం ఉంటుంది. కరీంనగర్‌లో అమ్మీకి కూడా ఇంతే. స్నానాల గదిలో చీమలు బారులు కట్టినప్పుడు పక్కింటావిడ ముందు కనిపెట్టింది, ఆ తర్వాత డాక్టరు చెప్పాడు, పర్హేజ్ చెయ్యి, పత్యం ఉండు అన్నాడు, దేని నుంచి పర్హేజో చెప్పడం ఆయనకు తట్టలేదు, అడగడం ఎవరికీ తట్టలేదు. అమ్మీ ఉప్పు మానేసింది. ఒంటికి పట్టిన జబ్బు పోవాలంటే ఇష్టమైనది మానాలి కదా, ఆమెకు ఉప్పే ఇష్టం, పచ్చి మామిడికాయ ముక్క మీద ఉప్పు. చప్పిడి కూరలు తింటూ, నీరసానికని ఖర్జూరాలు తింటూ, పోలీసు చర్య జరిగిన మరుసటేడు పోయింది. అప్పుడు సలీమాకు పద్నాలుగేళ్లు. నోరు తెరిచి చెప్పే మనిషి ఒక్కరుంటే బతికేది అనుకుంది, అనుకుని తనే ఆ నోరు అయింది. అయ్యాక మూయడం మరిచిపోయింది. ఇంట్లో భర్త రజాక్ అంటుంటాడు, స్టేషన్‌లో పార్సిల్ గుమాస్తా, రోజంతా ఇంజన్ల కూతలు వినీ వినీ ఇంటికొస్తే నువ్వు మొదలుపెడతావు, ఇంజనయితే మధ్యలో నీళ్లకన్నా ఆగుతుంది అని. ఆయనకు నవ్వు రాకుండా అనడం బాగా వచ్చు.

చెప్తే వినడం లేదని, చూపిస్తే వింటారని, శుక్రవారం శుక్రవారం అందరినీ పొద్దున్నే సీసాలతో రమ్మంది. సిరా బుడ్లు, కొబ్బరినూనె సీసాలు, టానిక్ సీసాలు, ఒకాయనైతే అత్తరు సీసా, మూత తీస్తే ఏ వాసన రావాలో దానికే తెలియదు. వాళ్ల ముందే కాచి గాజు గొట్టాలు కిటికీలో వరసగా నిలబెట్టేది. నీలమంటే మంచిది, ఆకుపచ్చ అంటే జర జాగ్రత్త, పసుపు, నారింజ, ఇటుక రంగు అంటే మీరు ఇంట్లో దొంగతనంగా ఏదో తిన్నారు. నీలం వచ్చినవాళ్లను పేరు పెట్టి పిలిచి ముందు బెంచి మీద కూర్చోబెట్టేది, మిగతావాళ్లు నేల మీద. డాక్టరు కూడా బెంచి వాళ్లను ముందు చూసేవాడు. ఆ ఆలోచన వచ్చిన రోజు సలీమా తనకు తానే రెండు కప్పుల చాయ్ పెట్టుకుంది. పటేలు ఇటుక రంగు తెచ్చి నేల మీద, ఆయన పొలంలో నాట్లు వేసే బుచ్చవ్వ నీలం తెచ్చి బెంచి మీద. వరండాలో అందరూ ఆ దృశ్యాన్ని మందులా తీసుకున్నారు. పై నుంచి వచ్చిన ఆఫీసరు కూడా చూసి బాగుందని పుస్తకంలో రాసిపోయాడు. అయితే పటేలుకు తర్వాతి నెల నుంచే నీలం వస్తోంది. సీసా జీతగాడు తెస్తాడు, పటేలు వెనక నుంచి వస్తాడు. యా అల్లా. పటేలుది ఎవరిది? పోస్టుమాస్టరుది ఎవరిది? ఆ అత్తరు సీసాలో ఎవరున్నారు? బెంచి నిండా కూర్చున్నవాళ్లలో తమ సొంత సీసా తెచ్చుకున్నవాళ్లు ఎంతమంది, ఊళ్లలో ఆరోగ్యంగా ఉన్న పాపానికి శుక్రవారం తెల్లవారుజామున నిద్ర లేపబడే కోడళ్లు, జీతగాళ్లు ఎంతమంది.

పదకొండూ ఇరవై అయిదు. బుచ్చవ్వ చెయ్యి ఎంత గరుకు, నాట్లకు పోయే చెయ్యి, వేళ్ల సందుల్లో ఒరుసుకుపోయి మానిన గీతలు. మొదటి రెండు నెలలు బుచ్చవ్వ తన సీసానే తెచ్చింది. పసుపు, నారింజ, పసుపు. నేల మీద స్తంభానికి ఆనుకుని కూర్చునేది, అక్కడికి ఏమీ వినపడదని సలీమా ముందుకు జరగమంటే, నాకు ఎనుకనే అలవాటు బిడ్డా అనేది. భర్త పోయి పన్నెండేళ్లు. పెళ్లిలోనైనా, పేరంటంలోనైనా, బతుకమ్మ దగ్గరైనా ఆమెను ముందుకు రమ్మన్నవాళ్లు లేరు, కొడుకు పెళ్లిలోనే గోడ చాటు నుంచి తలంబ్రాలు చూసిందట, ఒకసారి మాటల్లో చెప్పింది, బాధపడి కాదు, వాన పడిందని చెప్పినట్టు. అలాంటి మనిషిని ఒక శుక్రవారం సలీమా పేరు పెట్టి పిలిచి బెంచి మీద కూర్చోబెట్టింది. ఆ రోజు బుచ్చవ్వ బెంచి అంచున, సగం గాల్లోనే కూర్చుంది, ఎవరో లేపేస్తారన్నట్టు. రెండో వారానికి సరిగ్గా కూర్చుంది. మూడో వారం ఉతికిన చీర కట్టుకొచ్చింది. పదో వారానికి పక్కవాళ్లకు చోటిస్తూ, జర సర్దుకోండ్రి అని పెద్దరికం చేసింది. చక్కెర సంగతి తెలియదు గానీ మనిషి నిటారయింది, అది తన చదువు చెప్పే గొప్పతనమని సలీమా అనుకుంది. కోడలి సీసా అని ఇప్పుడు తెలిసింది. తెలిసినా, ఆ నిటారుతనం అబద్ధమని అనబుద్ధి కావడం లేదు.

అవతల బొగ్గు రైలు పోతోంది. కిటికీలో గాజు గొట్టాలు సన్నగా వణుకుతున్నాయి, ఒకదానికొకటి తగిలి చిన్నగా మోగుతున్నాయి. ఎన్ని పెట్టెలో లెక్కపెడితే, నలభై అయితే లేస్తుంది అనుకుంది, అనుకోగానే సిగ్గేసింది, తావీదులు కట్టించుకుని వచ్చేవాళ్లను తను ఎంత ఎగతాళి చేసింది. అయినా లెక్కపెట్టింది. ముప్పై ఎనిమిది. వెనక గార్డు పెట్టెను కలిపితే ముప్పై తొమ్మిది. ఇంజన్ని కలుపుకుంది.

మూడు వారాల కిందట ఆకుపచ్చ. సలీమా నవ్వుతూ వేలు చూపించింది. ఇరవై గీతలున్న మందు ఇరవై నాలుగయింది. రెండో వారం పసుపు, ముప్పై. బుచ్చవ్వ మళ్లీ నేల మీదికి దిగింది, స్తంభం దగ్గరికి. పోయిన శుక్రవారం నారింజ. ఆ రోజు బుచ్చవ్వ అందరూ పోయేదాకా ఆగి దగ్గరికి వచ్చింది. బిడ్డా, పొద్దు నెత్తి మీదికి రాంగనే చేతులు వణుకుతున్నయి, గుండె దడదడంటది, కండ్లకు చీకట్లు కమ్ముతున్నయి అంది. పుస్తకంలో అచ్చేసినట్టు చెప్పింది. నర్సింగు పరీక్షలో అలా రాస్తే పదికి పది. సలీమా ఏమంది? బెల్లం మలీద ముద్దలు మింగినోళ్లకు చేతులు వణకక ఏం చేస్తయి, అంది. మలీద తినలే, నీ మీద ఒట్టు, అంది బుచ్చవ్వ. అప్పుడు సలీమా కిటికీలో నారింజ గొట్టం చూపించి, తను ఏడేళ్లుగా అందరితో అనే మాటే అంది.

“మనుషులు ఆడుతరు గానీ అవ్వా, సీసా అబద్ధమాడది.”

బుచ్చవ్వ ఆ గొట్టం వైపు చూసింది, కోడలి వైపు చూసింది, నోరు మూసుకుంది. ఇప్పుడు తలచుకుంటే ఆ చూపు కనపడుతోంది, అప్పుడు కనపడలేదు, అప్పుడు కార్డు మీద ముప్పై ఆరు రాస్తోంది. సీసా నిజమే చెప్పింది, పాపం, ఎవరిదో అడిగితే అదీ చెప్పేదేమో. పసివాళ్లకు పాఠం చెప్పే పంతులమ్మ కూడా మధ్యమధ్య పలకలోంచి తలెత్తి ముఖాలు చూస్తుంది. తను గొట్టాలనే చూసింది, నాలుగు నెలలు, అవి రంగురంగులుగా బాగున్నాయి కూడా.

కమలవ్వా, అని పిలిచింది. వణుకొస్తే, చెమటొస్తే బెల్లం పెట్టమని నేను మీకు చెప్పిన్నా లేదా? కమలవ్వ తలెత్తలేదు. చెప్పినవ్, అంది. పొద్దుగాల అత్త పొయ్యి కాడ ఊగుతుంటే బెల్లం ముక్క నోట్లె పెట్టబోయిందట. బుచ్చవ్వ పళ్లు బిగబట్టిందట. నర్సమ్మకు తెలుస్తదే, సీసల పడుతదే, వద్దు అందట. నీ సీసలనా నా సీసలనా అత్తా, అని కమలవ్వ అనేలోపే పొయ్యి పక్కన ఒరిగిపోయిందట. బెల్లం కమలవ్వ చేతిలోనే కరిగిందట. ఇదంతా చెబుతూ ఆ పిల్ల కుడి అరచేతిని చీరకు తుడుచుకుంటోంది, పొద్దటి నుంచి తుడుచుకుంటూనే ఉన్నట్టుంది. బెల్లం తినకుండా మనిషి ప్రాణం మీదికి తెచ్చుకునేంత బాగా పాఠం చెప్పింది తను. అమ్మీకి చెప్పేవాళ్లు లేక పోయింది, బుచ్చవ్వకు, వద్దు, ఆ మాట పూర్తి చెయ్యొద్దు, ఇంకా పదకొండూ నలభయ్యే.

మరి రంగు మారినప్పుడు నీదని నీకు తెలుసు కదా, అప్పుడన్నా చెప్పొద్దా, అంది సలీమా, ఈసారి గొంతులో వాడి లేదు. కమలవ్వ నేల మీద గీతలు గీస్తూ చెప్పింది. ముందు అత్తను బెంచి మీదికెల్లి దింపుతరని ఫికరైందట. తర్వాత తన సంగతి తట్టిందట. ఆరేళ్ల కాపురం, ఇంట్లో ఊయల లేదు, మొగుడు అంజన్న బెల్లంపల్లి గనుల్లో పని, వారానికోసారి వస్తాడు, వచ్చినప్పుడల్లా అతని మేనత్త ఎవరో ఇంకో పిల్ల సంగతి ఎత్తుతుంది. ఇవన్నీ సలీమాకు తెలుసు, సూది నేర్పేటప్పుడు ఆడవాళ్లు అన్నీ చెబుతారు. ఆ పైన జబ్బని కూడా తెలిస్తే. కమలవ్వ తలెత్తి అడిగింది.

“నాకు గూడ సూదులేనా నర్సమ్మా? సచ్చేదాక?”

సలీమా దగ్గర ఈ ప్రశ్నకు జవాబు ఉంది, వందసార్లు చెప్పింది, సూది అంటే భయం వద్దు, రోజూ పళ్లు తోముకోవడం లేదా అలాంటిదే, అని. నోటి దాకా వచ్చింది. ఇరవై నాలుగేళ్ల పిల్ల, ఈ వయసులో వస్తే మాత్రలకు లొంగదు, పత్యానికి లొంగదు, సూది లేకుండా బతకరు. ఈ పిల్లే బుచ్చవ్వకు సూది ఇచ్చేటప్పుడు ఎంత సుతారంగా ఇస్తుంది, పిచికారీ ఉడకబెట్టి, మందు సీసాను తడి ఇసుక కుండలోంచి గుడ్డుని తీసినట్టు తీసి. తనకు తాను అలా ఇచ్చుకుంటుందా. సలీమా కిందికి వంగి ఆ అరచేయి పట్టుకుంది. జిగటగానే ఉంది. ఒక చేతిలో అత్త నాడి, ఒక చేతిలో కోడలి చెయ్యి, మధ్యలో తను, చదువులమ్మ. ఇలా ఎంతసేపు కూర్చుందో, దూరంగా మసీదులో నమాజు పిలుపు మొదలై, అయిపోయింది. దుఆ అడగాలి. ఏమని అడగాలి? నా పేరు నిలబెట్టమనా? ఈమె కళ్లు తెరిపించు, ఆ తర్వాత నన్ను నేల మీద కూర్చోబెట్టినా సరే, అని అడిగింది. కొంచెం ఆగి, స్తంభం దగ్గరైనా సరే, అని కలిపింది.

పన్నెండూ అయిదుకి లింగమూర్తి వచ్చాడు. బుచ్చవ్వ కనురెప్ప ఎత్తి చూశాడు, దీపం వేసి చూశాడు, గడియారం చూశాడు, కాంట్రాక్టరు పేరు కూడా చదివినట్టున్నాడు. అంత మందు ఎందుకు పెంచాం సిస్టర్, కార్డు ఏది, అన్నాడు. కార్డు ఇస్తే సరిపోయేది. నారింజ రంగు అని అందులో ఉంది, కింద ఆయన సంతకమూ ఉంది. సలీమా లేచి నిలబడింది. తప్పు నాది సార్, అంది. రంగుకు బెంచి పెట్టింది నేను, ఆ బెంచి కోసం ఈమె కోడలి సీసా తెచ్చింది, కోడలి దాంట్లో చక్కెర పడితే నేను అత్తకు మందు పెంచాను, వణుకుతున్నానని ఈమె నోటితో చెబితే కూడా నేను వినలేదు. ఇంత తక్కువ మాటల్లో తను ఏ సంగతీ ఎప్పుడూ చెప్పలేదు. లింగమూర్తి కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు. బుచ్చవ్వ వైపు కాదు, నేల మీద కూర్చున్న కమలవ్వ వైపు చూశాడు. అయితే చక్కెర ఈ అమ్మాయికన్న మాట, ఈ వయసులో, అయ్యో, అన్నాడు. రక్తం తీయండి, మళ్లీ మూత్రం చూడండి, ఈమె భర్తను పిలిపించండి. కమలవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది, భుజాలు ఎగిరిపడుతున్నాయి.

“భయపెట్టకుండ్రి పిల్లను.”

మాట మంచం మీది నుంచి వచ్చింది. ఎండిపోయిన గొంతు, ముద్దగా ఉంది, కళ్లు ఇంకా సగమే తెరుచుకున్నాయి. ఎప్పటి నుంచి వింటోందో ఆ తల్లికే తెలియాలి. సలీమా మంచం పట్టె మీదే కూర్చుంది, రోగి మంచం మీద నర్సు కూర్చోకూడదని తనే కొత్తవాళ్లకు చెబుతుంది. అవ్వా, నేనెవరు, ఇదెక్కడ, అని అడగాలి, స్పృహ పరీక్ష అలా మొదలవుతుంది. బుచ్చవ్వ ఆమెను చూడనే లేదు. మెల్లగా తల పక్కకు తిప్పి కోడలి కోసం వెతికింది.

“మూడో నెల పడ్డదానే?”

కమలవ్వ కొంగు తీసి అత్త వైపు, డాక్టరు వైపు, మళ్లీ అత్త వైపు చూసి, ముఖమంతా కందిపోయి, తల ఊపిందా లేదా అన్నట్టు ఊపింది. బుచ్చవ్వ నెమ్మదిగా, మాట మాటకూ ఊపిరి తీసుకుంటూ చెప్పింది. పెద్ద అమాస పోయినంక ఈ పిల్ల బయట కూసోలే. నేను దినాలు లెక్కపెడుతనే ఉన్న. పోయినేడు గిట్లనే నాలుగు దిక్కుల చెప్తిమి, నిలవకపాయె. గందుకే అది చెప్పలే, నేను అడగలే. సలీమా లింగమూర్తిని చూసింది, లింగమూర్తి సలీమాను చూశాడు. కడుపుతో ఉన్నవాళ్లకు ఏ జబ్బూ లేకుండానే కొందరికి మూత్రంలో చక్కెర పడుతుందని హైదరాబాదులో ఒక ముసలి మాట్రన్ బోర్డు మీద రాసి మరీ చెప్పింది. సలీమా ఈ చేతులతో మూడు వందల పురుళ్లు పోసింది. ముక్కుకు కొంగు, మీగడ కట్టిన చాయ్, ఒక గంట పాటు ఎదురుగా కూర్చున్న మనిషి. లింగమూర్తి, రక్తం చూడనిదే ఏ మాటా చెప్పలేం, చూద్దాం, చాలామటుకు భయం లేదు, అన్నాడు. అని, అవతల కాలు విరిగినవాడు ఎందుకో చాలా ముఖ్యమైనట్టు గబగబా పోయాడు.

బుచ్చవ్వ చెయ్యి దుప్పటి మీద తడుముకుంటూ వచ్చి సలీమా మోకాలు అందుకుంది. తిట్టడానికేమో అనుకుంది సలీమా. తిట్టినా బాగుండేది.

“బిడ్డా, పొద్దుగాల సంది అది ఏం తినలే. ఏమన్న పెట్టు.”

సలీమా లేచింది. గుమ్మం దాకా పోయింది, ఆస్పత్రిలో ఏముంటాయో అన్నీ తలలో వరసకట్టాయి, రొట్టె, పాలు, అరటిపండు, కడుపుతో ఉన్నవాళ్లు ఏది ఎంత తినాలో, ఏ పూట తినాలో, ఎందుకు తినాలో. అన్నీ నాలుక మీద ఉన్నాయి. ఆగి, వెనక్కి తిరిగి, ఏడేళ్లలో మొదటిసారి, ఏం పెట్టమంటవ్ అవ్వా, అని బుచ్చవ్వను అడిగింది.